ఐవీ క్యాన్యులా: వార్డుల్లో పాతుకుపోయిన అపోహలు, అసలు వాస్తవాలు

కొత్త నర్సుకు ఐవీ (నేరుగా రక్తంలోకి మందు ఎక్కించే లైను) పెట్టడం నేర్పేటప్పుడు మన దృష్టంతా సూది గుచ్చడం మీదే ఉంటుంది. మొదటిసారికే నరం దొరికితే చేయి తిరిగిందంటాం. (అది సిర అని తెలిసినా వార్డులో అందరం నరమనే అంటాం, ఇక్కడా అదే మాట.) నేర్పాల్సింది అసలు ఆ తర్వాతే ఉంది. క్యాన్యులా (సూది తీసేశాక నరంలో మిగిలే సన్నటి ప్లాస్టిక్ గొట్టం) చేతికి ఉన్న గంటల్లో, రోజుల్లో జరిగే హానిని కనిపెట్టేది నర్సు కళ్లే.

గుచ్చేటప్పటి అపోహ ఒక్కటి ముందు చెప్పుకుందాం.

అపోహ: లోపలి సూదిని కాస్త వెనక్కి లాగాక, నరం తప్పితే మళ్లీ లోపలికి తోయొచ్చు.
వాస్తవం: తోయకూడదు. సూది మొన ప్లాస్టిక్ గొట్టాన్ని కోసేస్తుంది, తెగిన ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది. మొత్తం తీసేసి, కొత్త క్యాన్యులాతో మరోచోట ప్రయత్నించాలి.

అపోహ: రక్తం వెనక్కి వస్తోందంటే క్యాన్యులా సరిగ్గా ఉన్నట్టే.
వాస్తవం: కొన నరంలోనే ఉన్నా, నరం గోడకు చిల్లు పడి ఉండవచ్చు. అప్పుడు రక్తమూ వస్తుంది, మందూ పక్క కణజాలంలోకి కారుతుంది. సన్నటి నరంలో 24 గేజ్ (చాలా సన్నటి) క్యాన్యులా సరిగ్గానే ఉన్నా ఒక్కోసారి రక్తం రాదు. కాబట్టి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి పోల్చండి. వాపు, బిగిసి పాలిపోయిన చర్మం, తాకితే చల్లదనం కనిపిస్తే లైను పాడైనట్టే. కనీసం 4 గంటలకోసారి చూడాలి. మత్తులో ఉన్నవారికి 1-2 గంటలకోసారి, పిల్లలకు గంటగంటకూ చూడాలి, ఎందుకంటే నొప్పి అని వాళ్లు చెప్పలేరు.

మందు ఎక్కించే పంపు అలారం కొడుతుందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. దారి మూసుకుపోయి ఒత్తిడి పెరిగితేనే పంపుకు తెలుస్తుంది. వదులైన కణజాలంలోకి మందు తేలిగ్గానే పోతుంది, పంపు చప్పుడు లేకుండా ఎక్కిస్తూనే ఉంటుంది.

నోరడ్రినలిన్ (బీపీ పెంచే మందు), కాల్షియం, 50 శాతం డెక్స్‌ట్రోజ్ (చిక్కటి గ్లూకోజ్) లాంటివి అలా కారితే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు. వెంటనే మందు ఆపి సెట్ (సీసా నుంచి వచ్చే గొట్టం) విడదీయండి. క్యాన్యులాను మాత్రం కంగారుగా పీకేయొద్దు. ముందు దాంట్లోంచే సిరంజితో వీలైనంత మందు వెనక్కి లాగాలి. ఫ్లష్ చేయొద్దు (సెలైన్ తోసి గొట్టం కడగొద్దు), నొక్కొద్దు. వాపు అంచులు పెన్నుతో గీసి డాక్టరుకు చెప్పండి. అలవాటు కొద్దీ ఐస్ పెట్టొద్దు, నోరడ్రినలిన్ కారిన చోట చలి ఇంకా చేటు.

అపోహ: లైను మూసుకుపోతే 2 మి.లీ. సిరంజితో గట్టిగా తోస్తే తెరుచుకుంటుంది.
వాస్తవం: బొటనవేలి బలం అంతే అయినా, సిరంజి సన్నదైన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. నరం చిట్లుతుంది, లేదా గడ్డ రక్తంలోకి జారుతుంది. ఫ్లష్‌కు 10 మి.లీ. సిరంజి వాడండి. తోస్తే పోకపోతే ఆ క్యాన్యులా తీసేయడమే.

అపోహ: వేలాడుతున్న సెలైన్‌లోకి పొటాషియం ఎక్కిస్తే అదే కలిసిపోతుంది.
వాస్తవం: పొటాషియం క్లోరైడ్ బరువైన ద్రావణం, బ్యాగు అడుక్కి చేరుతుంది. మొదటి కొన్ని మి.లీ.లోనే గుండె ఆగేంత మోతాదు వెళ్లిపోవచ్చు. ముందే కలిపిన బ్యాగు దొరికితే అదే వాడండి. లేదంటే క్లాంప్ (గొట్టాన్ని మూసే బిగింపు) మూసి, బ్యాగు కిందికి దించి, మందు కలిపాక కనీసం 10 సార్లు తలకిందులు చేయండి. సాధారణ వార్డులో చేతి నరం ద్వారా గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు (పొటాషియం కొలిచే ప్రమాణం) దాటించరు. సిరంజితో నేరుగా ఎప్పుడూ ఎక్కించకూడదు.

అపోహ: ఏ సెట్ అయినా చుక్కలు ఒకటే.
వాస్తవం: మి.లీ.కి ఎన్ని చుక్కలో ప్యాకెట్ మీదే ఉంటుంది. 500 మి.లీ. 4 గంటల్లో వెళ్లాలంటే 20 చుక్కల సెట్‌లో నిమిషానికి 42, 15 చుక్కల సెట్‌లో 31. రెండో సెట్‌లో పొరపాటున 42 పెడితే బాటిల్ 3 గంటల్లోనే ఖాళీ. గుండె బలహీనంగా ఉన్నవారికి ఆ గంట తేడాకే ఆయాసం రావచ్చు.

అపోహ: పెట్టి 72 గంటలు కాలేదు, ఇంకా ఉంచొచ్చు.
వాస్తవం: చూడాల్సింది గడియారం కాదు, క్యాన్యులా ఉన్న చోటు. నొప్పితో పాటు ఎర్రదనమో వాపో ఉంటే, పెట్టి 6 గంటలే అయినా తీసేయాలి. చోటు బాగానే ఉన్నా, 24 గంటలుగా దాంట్లోంచి ఏ మందూ వెళ్లకపోతే ఎందుకుంచామో డాక్టరును అడగండి, అవసరం లేదంటే అప్పుడే తీసేయండి.