శాసనంలో 'నిధి' కనిపిస్తే తవ్వకండి: గుప్తలిపిపై అపోహలు – వాస్తవాలు

శాసనాలు, తాళపత్రాలు చదవడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగేది ఒక్కటే: "సార్, ఇది గుప్తలిపేనా? నిధి ఎక్కడుందో చెప్తారా?"

అపోహ: గుడి దగ్గరి రాతి మీద ఉన్నది నిధి గుర్తు.

వాస్తవం: ముమ్మాటికీ కాదు. ఫలానా భూమి ఫలానా దేవుడికి ఇచ్చాం, ఎవరూ కాజేయొద్దని పదిమందికీ చాటడానికే శాసనం వేయిస్తారు. దాచిన సొమ్ము జాడ ఎవరైనా ఊరి మధ్య రాతి మీద చెక్కిస్తారా? పైన సూర్యచంద్రులుంటే దానం ఆచంద్రార్కం నిలవాలని. చివర శాపాలుంటే దానం అపహరించేవాళ్లకు.

మొన్నామధ్య ఒకావిడ ఫొటో పంపింది. అప్పుల్లో ఉన్న భర్తకు ఎవరో 'స్వామి' రాతి మీద 'నిధి' అన్న మాట చూపించి, లిపి విప్పడానికని నగలు తాకట్టు పెట్టించాడట. చదివితే అది గుడిలో అఖండదీపం నేతి కోసం గొర్రెలిచ్చిన శాసనం. 'నిధి' ఉన్నది శక సంవత్సరంలో! అంకెలకు బదులు మాటలు వాడే పద్ధతిని భూతసంఖ్యలంటారు. వాటిలో వసువులు 8, నిధులు 9, రుద్రులు 11. 'వసు నిధి రుద్ర' అని ఉంటే, మొదటి మాట ఒకట్ల స్థానం కాబట్టి శక 1198, అంటే క్రీ.శ. 1276. అంతే. ఆవిడ ఫోన్లోనే ఏడ్చేసింది. అప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్లు నమ్మడంలో వింత లేదు. నమ్మించి దోచుకునేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

తాతగారి కరణం దస్త్రాలు కూడా రహస్య లిపి కావు, గొలుసుకట్టు రాత. అందులో గీతలు భిన్నాల గుర్తులు: నిలువు గీతలు కాలు, అర, ముప్పాతిక. అడ్డ గీతలు వీసం, పరక, మువ్వీసం. అక్షరాలతో అంకెలు సూచించే కటపయాది పద్ధతి కూడా రహస్యమేమీ కాదు, సంగీతం నేర్చుకునే పిల్లలకు ధీరశంకరాభరణం 29వ మేళకర్త అని చెప్పేది అదే.

మరి రహస్య రాత అసలు లేదా? ఉంది. కామసూత్రంలో వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం, అంటే రహస్య రాత, ఒకటి. ఆ గ్రంథానికి రాసిన జయమంగళ వ్యాఖ్యలో యశోధరుడు కౌటిలీయం, మూలదేవీయం అనే పద్ధతులు వివరించాడు. మూలదేవీయంలో ఖ బదులు గ, గ బదులు ఖ, ఇలా అక్షరాలు తారుమారవుతాయి. అది మనిషికీ మనిషికీ మధ్య గుట్టుగా నడిచే మాట కోసం.

రాయి కనిపిస్తే గీకొద్దు, పగలగొట్టొద్దు. ఉదయం ఏటవాలు ఎండలో ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి. నిజంగానే నిధి దొరికినా, పది రూపాయల విలువ దాటితే 1878 నాటి నిధుల చట్టం (ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) ప్రకారం కలెక్టరుకు తెలియజేయాల్సిందే.