‘పెరెన్నియల్’ అంటే శాశ్వతమా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా వృత్తి. ఏటా ఏదో ఒక మాట నన్ను ముప్పుతిప్పలు పెడుతుంది. ఈ ఏడాది వంతు ‘పెరెన్నియల్’ది.

అపోహ: ఏటా వచ్చేదల్లా పెరెన్నియల్.

సొంత వాక్యం రాయమంటే ఒక అబ్బాయి పెన్నను పెరెన్నియల్ నది అన్నాడు. ఎందుకురా అని అడిగితే, ‘‘వానలు పడితే ఏటా వస్తుంది కదా సార్’’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది గాని, వాడి మాటలో సగం న్యాయం ఉంది.

వాస్తవం: నదికి వాడినప్పుడు ఏడాది పొడవునా పారేదని అర్థం. తెలుగులో జీవనది అంటాం. హిమాలయాల మంచు కరిగి వేసవిలోనూ నీరందే గంగ అలాంటిది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు సాగే మన పెన్న అలాంటిది కాదు. ఎండాకాలం వస్తే చాలాచోట్ల ఇసుకలో నడిచి అవతలి గట్టుకు చేరవచ్చు. అయితే అబ్బాయి చెప్పిన అర్థం సమస్యల దగ్గర పనికొస్తుంది. కరువు మనకు పెరెన్నియల్ సమస్య. ఒక ఏడు వానలు బాగా పడితే మరిచిపోతాం, అది మాత్రం మనల్ని మరిచిపోదు. నదికైతే ఆగకపోవడం, సమస్యకైతే తిరిగి తిరిగి రావడం. పక్కనున్న నామవాచకాన్ని చూడకుండా అర్థం చెప్పకూడని మాట ఇది.

అపోహ: పెరెన్నియల్ మొక్కకు చావుండదు.

రెండేళ్లకు మించి బతికితే చాలు, ఆ పేరు వస్తుంది. మన పుస్తకాల్లో బహువార్షికం అని రాస్తారు. చీనీ (బత్తాయి) చెట్టు బహువార్షికం. ఒక్క పంటతో ఆయుష్షు తీరే వేరుశనగ ఏకవార్షికం. చిక్కంతా మిరపతోనే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి క్యాప్సికమ్ ఆన్యుమ్ అని పేరు పెట్టాడు. ఆన్యుమ్ అంటే ఏడాదిదని! చలిదేశాల్లో మంచుకు చచ్చిపోతుంది కాబట్టి అక్కడ ఆ పేరు చెల్లుతుంది. మా పెరటి కుండీలోని మిరపకు మాత్రం ఇది మూడో ఏడు. మొదలు దగ్గర కాండం బొటనవేలంత లావై బెరడు కట్టింది, గోటితో గీరితే గాని లోపలి పచ్చదనం కనబడదు. కాయలు చిన్నవయ్యాయి, కారం తగ్గలేదు. కంది కూడా నిజానికి బహువార్షికమే. రైతు ఒక్క పంటకే కోసేస్తాడు, అంతే.

అపోహ: స్పెల్లింగులో ఆర్ రెండు, ఎన్ ఒకటి.

తిరగేయండి. లాటిన్‌లో ‘పెర్’ అంటే గుండా, ‘ఆన్నుస్’ అంటే ఏడాది. ఏళ్ల గుండా సాగేదన్నమాట. రెండు ఎన్‌లూ ఆ ఏడాదివే. మిలీనియమ్‌లో రెండో ఎన్ మరిచేవారికీ ఇదే మందు.

అపోహ: ఎవరికి తగిలించినా పొగడ్తే.

ఒక విద్యార్థి తన అభిమాన నాయకుణ్ణి ‘పెరెన్నియల్ క్యాండిడేట్’ అని కీర్తించాడు. ఆ నాయకుడికి ఇంగ్లీషు వస్తే ముఖం మాడిపోయేది. ప్రతి ఎన్నికలోనూ నిలబడి ఓడిపోయేవాణ్ణి అలా అంటారు.

అపోహ: శాశ్వతం అనదగిన ప్రతిచోటా ఇది సరిపోతుంది.

ఉద్యోగానికి పర్మనెంట్, స్నేహానికి లాస్టింగ్, చెప్పులకు డ్యూరబుల్. చెప్పులను పెరెన్నియల్ అన్నారంటే, వానకాలంలో అవి చిగురిస్తాయేమోనని అంగడివాడు ఎదురుచూస్తాడు.