ముర్రుపాలకు ఆ మొదటి గంట ఎందుకు దొరకడం లేదు?

ఏటా ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు. ఆసుపత్రి గేటుకు ఫ్లెక్సీ, అంగన్‌వాడీలో సమావేశం, 'పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి' అన్న నినాదం మామూలే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. 2015-16లో అది 41.6. ఈలోగా ఆసుపత్రి కాన్పులు మాత్రం 78.9 నుంచి 88.6 శాతానికి పెరిగాయి. డాక్టరు, నర్సు దగ్గరుండి చేసే కాన్పులు అంతగా పెరిగినా ఆ మొదటి గంట అంగుళం కదల్లేదు.

ఇన్నాళ్లూ తప్పంతా అమ్మమ్మలది, నాయనమ్మలదే అన్నాం. కొంత నిజమే. మూడో రోజుకు గానీ పాలు పడవని ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా నమ్మేవారు. చిక్కగా, పసుపుపచ్చగా వచ్చే ముర్రుపాలు బిడ్డకు అరగవని పిండేసేవారు. అందాకా ఉగ్గుగిన్నెలో ఆముదం, తేనె, చక్కెర నీళ్లు, కొన్నిచోట్ల గాడిదపాలు. హైదరాబాద్ బస్తీల్లో గాడిదను వెంటేసుకుని పాలమ్మేవాళ్లు ఈమధ్య కాలంలోనూ కనిపించారు. ఇదంతా చదువులేనివాళ్ల మూఢనమ్మకం అని కొట్టిపారేయలేం. మూడు నాలుగు రోజులకు గానీ పాలు రావనీ, ముందు తేనె, నెయ్యి నాకించాలనీ సుశ్రుత సంహితే చెప్పింది. ఆవు ఈనితే జున్నుపాల కోసం చెంబు పట్టుకెళ్లే ఊళ్లోనే తల్లి ముర్రుపాలు నేలపాలయ్యేవి!

అయితే ఆ పెద్దవాళ్లే మూడో రోజు తర్వాత బిడ్డను రెండేళ్లదాకా రొమ్ముకు దూరం చేయనిచ్చేవారు కాదు. 1950లలో పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాల మీద పరిశోధన చేశారు. అప్పట్లో ఆయన పనిచేసిన, తమిళనాడులోని కూనూరు పరిశోధన సంస్థే 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు దాన్నే జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. తిండి అంతంతమాత్రంగా ఉన్న తల్లి పాలలో కూడా మాంసకృత్తులు పెద్దగా తగ్గడం లేదని ఆ పరిశోధనలో తేలింది. 'తల్లికే బలం లేదు, పాలెక్కడివి' అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

కథలోకి డబ్బా వచ్చింది విదేశం నుంచి. స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే 1867లో పసిపిల్లల పాలపిండి తయారు చేశాడు. తర్వాత వలస రాజ్యాలన్నీ దానికి మార్కెట్లే. తీపి కలిపిన డబ్బాపాలు పట్టించి పసిపిల్లల చావుకు కారణమవడం హత్యతో సమానమని 1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ రోటరీ క్లబ్ సభలోనే అనేశారు. పిండి ఖరీదైనది కాబట్టి పేద ఇంట్లో నాలుగు చెంచాల చోట రెండే వేస్తారు. నీళ్లు కాచరు, సీసా సరిగా కడగరు. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈలోగా బిడ్డ చప్పరించక తల్లికి పాలు ఎండిపోతాయి. ఇక వెనక్కి వెళ్లే దారి ఉండదు.

మన దేశంలో 1960 ప్రాంతంలో అమూల్ గేదెపాలతో బేబీ ఫుడ్ తయారు చేయడం మొదలుపెట్టింది. దిగుమతి తగ్గింది, మంచిదే. దాంతోపాటే డబ్బాపాలు మధ్యతరగతి ఇళ్లలో గొప్పగా చెప్పుకునే విషయమైంది. బొద్దుగా నవ్వే పిల్లాడి బొమ్మ ఉన్న ఖాళీ డబ్బా వంటింట్లో పప్పులకో, చక్కెరకో పనికొచ్చేది.

1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ ఉద్యమం మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ పాలడబ్బాల అమ్మకాలకు నియమావళి తెచ్చింది. అనుకూలంగా 118 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటే. అదీ అమెరికాదే. మన దేశం 1983లో సొంత నియమావళి, 1992లో చట్టం చేసింది. 2003 సవరణతో రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ఏ రకమైన ప్రకటనా చెల్లదు. ఉచిత శాంపిళ్లు, డాక్టర్లకు కానుకలు కూడా నిషేధం. ఇప్పుడు మందుల షాపులో డబ్బా తిప్పి చూడండి, పిల్లాడి బొమ్మ ఉండదు. తల్లిపాలే శ్రేష్ఠమన్న హెచ్చరిక మాత్రం ఉంటుంది. ఇంత గట్టి చట్టం చాలా దేశాల్లో లేదు.

ఫలితమూ కనిపించింది. ఆరు నెలల్లోపు పిల్లల్లో మంచినీళ్లు కూడా పట్టకుండా తల్లిపాలే తాగేవాళ్లు 2005-06లో 46 శాతం ఉంటే 2019-21కి దాదాపు 64 శాతం. మండుటెండల్లో 'పిల్లాడికి దాహం వేయదా' అనే పెద్దవాళ్ల పోరు తట్టుకుని సాధించిన లెక్క ఇది.

మరి మొదటి గంట? తెలంగాణ లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. అదే సర్వేలో ఆరు నెలల లెక్కలో ఈ రాష్ట్రం దేశ సగటు కన్నా ముందుంది. గంటలోపు పాల విషయంలో మాత్రం 37 శాతం దగ్గరే ఆగింది. సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే నూటికి 80 పైనే. ఆపరేషన్ కాగానే తల్లి రికవరీ గదిలో, బిడ్డ తుండుగుడ్డలో బయట బంధువుల చేతిలో. 'కుట్లున్నాయి, పాలు రావులే' అని ఎవరో ఒకరు అంటారు. అరగంటలో మందుల షాపు నుంచి డబ్బా వచ్చేస్తుంది. నడుముకు మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కన ఒక మనిషి పట్టుకుంటే బిడ్డ రొమ్ము అందుకోగలడు. మొదటి రోజు బిడ్డకు కావాల్సింది విడతకు చెంచా, రెండు చెంచాల ముర్రుపాలే. ఆ పట్టుకునే మనిషికి డ్యూటీ చార్టులో చోటుండదు.

2016లో కేంద్రం తల్లిపాల కోసం 'మా' (హిందీలో అమ్మ) పేరుతో కార్యక్రమం పెట్టి ఆశా కార్యకర్తలకు, నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. ఆశా కార్యకర్త ఇంటికెళ్లి అత్తగారికి నచ్చజెప్పగలదు. ప్రైవేటు ఆసుపత్రి థియేటర్ తలుపు దాటి లోపలికి వెళ్లలేదు.