నిమ్మచెక్క పులిహోరకే: ఇంటి బ్యూటీ చిట్కాల్లో అపోహలు - వాస్తవాలు

పోయిన మే నెలలో పొదలకూరు పక్క పల్లె నుంచి ఒకమ్మాయి నా పార్లరుకి వచ్చింది. వాళ్లకి నిమ్మతోట ఉంది. నాలుగు రోజుల్లో పెళ్లిచూపులని, నిమ్మచెక్కకి చక్కెర అద్ది బుగ్గలు రుద్దుకుందట. ఆ తర్వాత మొహం పైపైన కడుక్కుని, మిద్దె మీద వడియాలు పెట్టడానికి ఎండలోకి వెళ్లింది. రెండో రోజుకి మంట, చిన్న చిన్న పొక్కులు. అవి మానేసరికి రెండు బుగ్గల మీదా గోధుమరంగు చారలు. "అక్కా, ఫేషియల్ చేసి ఇవి పోగొట్టక్కా" అంది. చేయనన్నాను, చర్మం డాక్టరు దగ్గరికి పంపాను. మచ్చ పూర్తిగా పోవడానికి నెలలు పట్టింది. సంబంధం మాత్రం మచ్చతోనే కుదిరిందిలెండి.

నెల్లూరులో పదిహేడేళ్లుగా పార్లరు నడుపుతున్నాను. ఇంట్లో చేసుకునే చిట్కాలంటే నాకేమీ కోపం లేదు, చవకలో అయ్యే పనికి వేలు తగలేయమని చెప్పను. కానీ మా ఊళ్లో అందరూ నమ్మే కొన్ని చిట్కాలు నాకు కస్టమర్లని తెచ్చిపెడుతున్నాయి, అదీ నేను కోరుకోని రకంగా.

అపోహ: నిమ్మకాయ సహజమైనది, ముఖానికి ఏమీ చేయదు.

నిమ్మరసం, ముఖ్యంగా నిమ్మ తొక్కలోని నూనె, చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు పొక్కుతుంది. తొక్కలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చేసే పని ఇది. ఎలర్జీ కాదు, ఎవరికైనా రావచ్చు. పార్టీలకి నిమ్మకాయలు పిండి ఎండలో తిరిగినవాళ్లకి చేతుల మీద ఇలాంటి మచ్చలే వస్తాయి. పైగా నిమ్మరసం పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) రెండు, రెండున్నర మధ్య. మన చర్మానిది అయిదుకి అటూ ఇటూ. అంటే చర్మం కన్నా వందల రెట్లు పులుపు. "విటమిన్ సి ఉంది కదక్కా" అంటారు. ఉంది, కానీ దానికన్నా సిట్రిక్ యాసిడ్ ఎన్నో రెట్లు ఎక్కువ. సీరం సీసాలో కొలత ప్రకారం ఉండే విటమిన్ సి, నిమ్మచెక్క ఒకటి కాదు.

దానికి బదులు రెండు చెంచాల శనగపిండి, ఒక చెంచా పెరుగు కలిపి, రుద్దకుండా అద్ది, అయిదు నిమిషాల్లో కడిగేయండి. జిడ్డు పోతుంది, చర్మం మెత్తగా ఉంటుంది. తెల్లబడరు. తెల్లబడటం అనే కోరికే అసలు గొడవంతా, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. ముల్తానీ మట్టీ ఇంతే, ఎండి పగుళ్లిచ్చే దాకా ఉంచకండి, తడి ఉండగానే కడిగేయండి. మొటిమల మీద టూత్‌పేస్టు, ముఖానికి వంట సోడా, ఈ రెండూ వద్దు. కారణం అడిగితే ఒకటే, మంట.

వీటికన్నా నన్ను భయపెట్టేది మందుల షాపులో "మొహానికి మంచి క్రీము" అని అడిగి తెచ్చుకునే చిన్న ట్యూబు. వారంలో మెరుపు వస్తుంది, అందుకే ఒకరు ఇంకొకరికి చెబుతారు. చాలావాటిలో క్లోబెటసాల్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందులివి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, పొయ్యి దగ్గర నిలబడినా ఎర్రబడుతుంది, మొహం మీద నూగు పెరుగుతుంది. మానేస్తే మొటిమలు తిరగబడతాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకుండా ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అపోహ: నల్ల గోరింటాకు కూడా ఆకే.

గోరింటాకులో రంగిచ్చేది లాసోన్. అది ఎర్రగానో నారింజగానో పండుతుంది గానీ నల్లగా పండదు. ఇనప మూకుట్లో టీ డికాక్షన్ పోసి నానబెడితే కాస్త ముదురుతుంది, అంతే. ప్యాకెట్ మీద "బ్లాక్ హెన్నా" అని ఉండి జుట్టు అరగంటలో నల్లబడిందంటే అందులో పీపీడీ అనే రసాయనం ఉందని అనుమానించాలి. పెళ్లిళ్లలో గంటలో నల్లగా పండే కోన్లూ ఇదే బాపతు. కొందరికి పదిసార్లు వాడినా ఏమీ కాదు, పదకొండోసారి కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాచిపోతుంది. రంగు వేసుకోవాలంటే చెవి వెనక చుక్క రాసి 48 గంటలు ఆగండి. "ఎప్పుడూ వాడేదేలే" అనే మాట ఇక్కడ చెల్లదు.

నలుపే కావాలంటే రెండు దఫాల పద్ధతి ఉంది. మొదట గోరింటాకు పెట్టి రెండు మూడు గంటల తర్వాత కడగాలి. తర్వాత నీలి ఆకు పొడిని గోరువెచ్చటి నీళ్లలో కలిపి, పదిహేను నిమిషాలు ఆగి, ఆపైన ఆలస్యం చేయకుండా పెట్టి, గంట గంటన్నర ఉంచాలి. ఓపిక కావాలి, ఆదివారం మొత్తం పోతుంది. అయినా ఇంట్లో చేసుకునే రంగుల్లో నేను నచ్చి చెప్పేది ఇదే. కొనేముందు పొట్లం మీద పీపీడీ లేదని మాత్రం చూసుకోండి.

నీళ్ల సంగతి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి వచ్చేవాళ్లు "బోరు నీళ్లకి జుట్టంతా ఊడిపోయిందక్కా" అంటారు. కనిగిరి నుంచి వచ్చే మా వదినైతే ఫ్లోరిన్ నీళ్లని తిడుతుంది. ఫ్లోరైడు దెబ్బ పళ్లకీ ఎముకలకీ. జుట్టుకి తంటా తెచ్చేది నీళ్ల గడుసుతనం, అంటే అందులోని కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిలా వెంట్రుకకి పట్టుకుంటాయి. జుట్టు గరుకై, చిక్కు పడి, మధ్యలో తెగుతుంది. కుదురుతో రాదు. దువ్వెనలో వచ్చిన వెంట్రుక చివర చిన్న తెల్లటి గుబ్బ ఉంటే ఊడింది, లేకపోతే తెగింది. రోజుకి యాభై నుంచి వంద దాకా ఊడటం మామూలే.

గడుసు నీళ్లకి సబ్బు కన్నా కుంకుడుకాయ నయం, అది మడ్డి కట్టదు. మన అవ్వలు ఊరికే వాడలేదు. షాంపూ వాడేవాళ్లు చివరి చెంబుకి మాత్రం మంచినీళ్లు దాచుకోండి, లేదా లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి పోసుకోండి. నిమ్మరసం పిండకండి మళ్లీ!

కొబ్బరినూనె జుట్టుని పెంచదు, కానీ వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కొంత ఆపుతుంది. అందుకే తలస్నానానికి ముందు పెట్టాలి. చుండ్రు ఉంటే రాత్రంతా ఉంచకండి, చుండ్రు తెచ్చే ఫంగస్‌కి అది విందు. కొసలు కత్తిరిస్తే త్వరగా పెరగదు, నెలకి సుమారు ఒక సెంటీమీటరే. ఉల్లిపాయ రసం గురించి అడక్కండి, ఆ వాసనతో కుర్చీలో కూర్చున్నవాళ్లకి తల దువ్వేది నేనే.

"జడ బిగించి వేస్తే జుట్టు పొడుగ్గా పెరుగుతుంది" అని ప్రతి బడిపిల్ల అమ్మా నమ్ముతుంది. రెండు జడలు, మడిచి రిబ్బను, నుదురు లాగి కనుబొమలు పైకి లేచేంత బిగువు. రోజూ ఇలా లాగితే కుదుళ్లు దెబ్బతిని, నుదుటి అంచున, చెవుల పైన పలచబడుతుంది. ఏళ్లు గడిస్తే అక్కడ మళ్లీ మొలవకపోవచ్చు. జడ వేశాక పిల్ల తలనొప్పి అంటే విప్పి వదులుగా వేయండి. పాపిడి కూడా ఎప్పుడూ ఒకచోటే కాకుండా మారుస్తూ ఉండండి.

ఇక జుట్టుని సాపు చేయడానికో చుట్టడానికో వాడే వేడి ఐరన్. పార్లరు పెట్టిన కొత్తలో తొందరలో ఒకామెకి తడి ఆరకుండానే ఐరన్ పెట్టాను. సర్రుమంది. ఆవిరి అనుకున్నా. వెంట్రుక లోపలి నీరు మరిగి బుడగలై, వారం తిరక్కుండా చెవి దగ్గర గుప్పెడు జుట్టు తెగి రాలింది. ఆమె మళ్లీ రాలేదు, రాకపోవడమే న్యాయం. పూర్తిగా ఆరాకే పెట్టండి, పలచని జుట్టుకి 150 డిగ్రీలు చాలు.

అసలు కర్ల్స్‌కి ఐరనే అక్కర్లేదు. పాత కాటన్ చీర అంచు చించి, రెండు వేళ్ల వెడల్పు, మూర పొడవు పీలికలు ఎనిమిది తీసుకోండి. జుట్టు చాలావరకు ఆరి, కొంచెం చెమ్మ ఉన్నప్పుడు పాయలు తీసి పీలికకి చుట్టి, పైన ముడి వేసి పడుకోండి. వెంట్రుకలోని కొన్ని బంధాలు తడికి వదులై, ఆరేటప్పుడు ఉన్న ఆకారంలోనే మళ్లీ బిగుస్తాయి. అందుకే తడి ఎక్కువుంటే తెల్లారేసరికి ఆరదు, కర్ల్ నిలవదు. మన వైపు సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఫ్యాను కింద పడుకోండి. పొద్దున్నే విప్పి అద్దం ముందు నిలబడకండి, కాఫీ తాగి, చీర కట్టుకుని, చివర్లో విప్పండి. వేళ్లతోనే విడదీయండి, దువ్వెన పెట్టారంటే పొంగి పీచులా అవుతుంది. మైపాడు బీచికి వెళ్లే రోజైతే ఈ శ్రమంతా దండగ, అక్కడికి జడే వేసుకెళ్లండి.