కారు రాలేదు, అడ్వాన్స్ మాత్రం ఎనిమిదేళ్లు: టెస్లా రోడ్‌స్టర్ గొడవకు వేరు 2008లోనే

2025 అక్టోబరు 30న చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ ఎక్స్‌లో మూడు స్క్రీన్‌షాట్లు పెట్టారు. మొదటిది, 2018 జులైలో టెస్లా విద్యుత్ స్పోర్ట్స్ కారు కొత్త రోడ్‌స్టర్ బుక్ చేసుకున్నప్పుడు వచ్చిన మెయిల్. రెండోది, బుకింగ్ రద్దు చేసి తన 50 వేల డాలర్లు వెనక్కి ఇవ్వమని తాజాగా రాసిన మెయిల్. మూడోది, అలాంటి చిరునామాయే లేదంటూ ఆ మెయిల్ తిరిగొచ్చిన సంగతి. కారు మీద నిజంగా ఆశ పెట్టుకున్నానని, ఆలస్యాలు అర్థం చేసుకోగలనని, కానీ ఏడున్నరేళ్లు మరీ ఎక్కువని ఆయన రాశారు. లెక్కపెడితే ఏడేళ్ల మూడు నెలలే. ఎదురుచూసినవాళ్ల లెక్క అలాగే ఉంటుంది.

టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ ఊరుకోలేదు. లాభాపేక్ష లేని సంస్థను (ఓపెన్‌ఏఐని) దొంగిలించావంటూ ఎదురుదాడికి దిగారు. 24 గంటల్లోనే డబ్బు వాపసు ఇచ్చేశామని, ఆ ముక్క చెప్పకుండా దాచావని దెప్పారు. ఓపెన్‌ఏఐ విషయంలో ఇద్దరి మధ్య అప్పటికే కోర్టు కేసు నడుస్తోంది కనుక చాలామంది దీన్ని ఆ పాత కక్షలో కొత్త ముచ్చటగా చూసి వదిలేశారు. అయితే ఆ మధ్యే యూట్యూబ్‌లో కార్లు, ఫోన్ల సమీక్షలు చేసే మార్కెస్ బ్రౌన్‌లీ కూడా ఇదే కారు బుకింగ్ రద్దు చేసుకున్నారు. డబ్బు రాబట్టుకోవడానికి ఫోన్లు చేయాల్సి వచ్చిందని ఆయన చెప్పారు. మస్క్‌తో ఆయనకు కోర్టు కేసులేమీ లేవు.

టెస్లా ఎలా పుట్టింది, లోటస్ ఎలీజ్ కారు ఆధారంగా మొదటి రోడ్‌స్టర్ ఎలా తయారైంది అన్నవి అందరికీ తెలిసిన కథలే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2008 శరదృతువు.

అప్పటికి మొదటి రోడ్‌స్టర్ కోసం 1,200 మందికి పైగా డబ్బు కట్టి ఉన్నారు. తొలి విడత కొనుగోలుదారులైతే 2006లోనే ఒక్కొక్కరు లక్ష డాలర్లు ముందే ఇచ్చేశారు. చేతికొచ్చిన కార్లు 50 కూడా లేవు. అమెరికాలో బ్యాంకులు కుప్పకూలుతున్న సమయం. అక్టోబరు చివర్లో టెస్లా ఉద్యోగి ఒకరు సిలికాన్ వ్యాలీ గుసగుసలు రాసే ఒక వెబ్‌సైట్‌కు ఉత్తరం రాశారు. కంపెనీ ఖాతాలో మిగిలింది 90 లక్షల డాలర్లేనని, కస్టమర్ల దగ్గర తీసుకున్న కోట్ల డాలర్లు ఖర్చయిపోయాయని బయటపెట్టారు. తన మాట నమ్మి ఒక స్నేహితుడు 60 వేల డాలర్లు అడ్వాన్స్ కట్టాడని, ఇక చూస్తూ ఊరుకోవడానికి మనస్సాక్షి ఒప్పుకోవడం లేదని అందులో ఉంది.

90 లక్షల సంగతి నిజమేనని మస్క్ ఒప్పుకున్నారు. ఆ నెలలోనే సీఈఓ కుర్చీలో కూర్చున్న ఆయన, కస్టమర్లు కట్టిన డబ్బుకు సొంతంగా పూచీ ఉంటానని మాట ఇచ్చారు. చివరికి డిసెంబరు 24న, అంటే క్రిస్మస్ ముందు రోజు, 4 కోట్ల డాలర్ల పెట్టుబడి ఖరారై కంపెనీ గండం గట్టెక్కింది. ఈ ఘట్టాన్ని టెస్లా అభిమానులు వీరగాథలా చెప్పుకుంటారు. అందులో నిజం లేకపోలేదు కూడా.

కాని దాని తరువాయి భాగం ఎవరూ పెద్దగా చెప్పరు. సరిగ్గా నెల తిరిగేలోపు, 2009 జనవరిలో, ఇంకా కారు అందని వందలాది మందికి కబురు వెళ్లింది: మీరు ఎంచుకున్న ఆప్షన్లు మళ్లీ ఎంచుకోండి, కొత్త ధరల ప్రకారం. ఇంట్లో వేగంగా చార్జ్ చేసుకునే కనెక్టర్ లాంటివి మొదట కారు ధరలోనే కలిసి ఉండేవి. ఇప్పుడు వాటికి విడిగా కట్టాలన్నారు. అప్పటికే సంతకాలు చేసి, అడ్వాన్సులు కట్టి, ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్ల మీద పెంపు అది. నష్టానికి అమ్మే కంపెనీకి ప్రభుత్వ రుణం దొరకదన్నది మస్క్ వివరణ. కొందరు మండిపడ్డారు. ఎక్కువమంది సణుక్కుని కట్టేశారు. ఆ మే నెలలో జర్మన్ కార్ల కంపెనీ డైమ్లర్ 5 కోట్ల డాలర్లు పెట్టింది. ఆ తర్వాత ప్రభుత్వ రుణమూ వచ్చింది.

ఇక్కడే అసలు మలుపు ఉందని నా అభిప్రాయం. అడ్వాన్స్ డబ్బుతో రోజులు నెట్టుకురావచ్చు, గడువు దాటినా జనం పోరు, ఒప్పుకున్న ధర మార్చినా చాలామంది ఉంటారు అని కంపెనీకి అర్థమైంది ఆ మూడు నెలల్లోనే.

అక్కడి నుంచి నేరుగా 2017 నవంబరు 16 రాత్రికి రావచ్చు. కాలిఫోర్నియాలోని హాథోర్న్‌లో టెస్లా విద్యుత్ ట్రక్కు ‘సెమీ’ ఆవిష్కరణ. కార్యక్రమం అయిపోయిందనుకుంటుండగా ట్రక్కు వెనక ట్రైలర్ నుంచి ఎర్రటి కారు దిగింది: అదే కొత్త రోడ్‌స్టర్. గంటకు 60 మైళ్ల వేగం 1.9 సెకన్లలో, ఒక్క చార్జ్‌తో 620 మైళ్లు, 2020లో డెలివరీ అన్నారు. మామూలు రోడ్‌స్టర్ 2 లక్షల డాలర్లు. బుక్ చేయాలంటే కార్డు మీద 5 వేలు, పది రోజుల్లో బ్యాంకు ద్వారా మరో 45 వేలు. 1,000 కార్లకే పరిమితమైన ఫౌండర్స్ సిరీస్ కావాలంటే 2.5 లక్షల డాలర్లూ ముందే కట్టాలి. అడ్వాన్స్ కాదు, మొత్తం ధర.

ఆ రాత్రి టెస్లా పరిస్థితి ఏంటి? అంతకు ముందు మూడు నెలల్లో 61.9 కోట్ల డాలర్ల నష్టం. మోడల్ 3 కార్లు 1,500 చేస్తామని 260 చేశారు. ఆ సెప్టెంబరు చివర్లో కస్టమర్ డిపాజిట్ల కింద కంపెనీ లెక్కల్లో ఉన్నది దాదాపు 69 కోట్ల డాలర్లు. డిసెంబరు చివరికి అది 85 కోట్లు దాటింది. అందులో సెమీ బుకింగులూ కలిసే ఉన్నాయి, అంతా రోడ్‌స్టర్ డబ్బే అనడం సరికాదు. అయినా వడ్డీ లేకుండా, గడువు లేకుండా, బ్యాంకు గడప తొక్కకుండా వచ్చిన డబ్బు అది.

ఆ తర్వాతి వాయిదాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. 2020 అన్నది 2022 అయింది, 2023 అయింది, 2024 అయింది, 2025 అయింది. టెస్లా వాదన ఒకటుంది: మోడల్ 3, మోడల్ వై లక్షల మందికి కావాల్సినవి, రోడ్‌స్టర్ కొద్దిమంది సరదా. భోజనం అయ్యాక తినే తీపి లాంటిదని 2020లో జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో మస్కే చెప్పారు. వ్యాపారంగా చూస్తే సబబే. తీపికి ముందే డబ్బెందుకు తీసుకున్నారన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

2024 ఫిబ్రవరిలో వ్యవహారం ఇంకో మెట్టెక్కింది. డిజైన్ లక్ష్యాలను భారీగా పెంచామని, 60 మైళ్ల వేగం సెకనులోపే అని మస్క్ ప్రకటించారు. అంటే 2017లో జనం డబ్బు కట్టిన కారు, ఇప్పుడు చేస్తామంటున్న కారు ఒకటి కావు. ఇలాంటిది కార్ల లోకంలో ముందే జరిగింది. 1988లో బర్మింగ్‌హామ్ షోలో 12 సిలిండర్ల వీ12 ఇంజిన్‌తో, నాలుగు చక్రాల డ్రైవ్‌తో చూపించిన జాగ్వార్ ఎక్స్‌జే220 కోసం కొనుగోలుదారులు 50 వేల పౌండ్ల చొప్పున కట్టారు. 1992లో చేతికొచ్చింది ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో వీ6, వెనక చక్రాల డ్రైవ్. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చింది, ధర పెరిగింది, కొందరు వెనక్కి తగ్గాలని చూశారు, గొడవ కోర్టుకెక్కింది. చివరికి తయారైనవి 300 కార్లు కూడా లేవు. తేడా ఏమిటంటే, జాగ్వార్ కనీసం ఏదో ఒక కారు ఇచ్చింది.

మనవాళ్లకూ ఈ అనుభవం కొంత ఉంది. 2016లో మోడల్ 3 కోసం భారత్ నుంచి కూడా కొందరు 1,000 డాలర్లు కట్టి బుక్ చేసుకున్నారు. ఆ డబ్బు వాపసు ఇస్తామని టెస్లా మెయిళ్లు పంపింది 2025 మేలో. మరో రెండు నెలలకు ముంబైలో షోరూమ్ తెరిచింది, అమ్మకానికి పెట్టింది మోడల్ వై.

టెస్లా పక్షాన చెప్పుకోవాల్సింది ఒకటుంది. బలవంతంగా ఎవరి డబ్బూ పట్టుకోలేదు, అడిగినవాళ్లకు తిరిగి ఇస్తోంది. కానీ తిరిగొచ్చేది అంకె మాత్రమే. 2017లో 50 వేల డాలర్లతో కొనగలిగినవి 2025లో కొనాలంటే అమెరికాలో సుమారు 65 వేలు కావాలి. కారు బదులు ఆవిష్కరణ రోజే ఆ డబ్బుతో టెస్లా షేర్లు కొని ఉంటే 2025 నవంబరు మొదట్లో వాటి విలువ 10 లక్షల డాలర్లకు పైమాటే. కంపెనీ మీద నమ్మకం ఉన్నవాళ్లు షేరు కొనాల్సింది, కారు కాదు.

2025 నవంబరు 6న వాటాదారుల సమావేశంలో మస్క్ కొత్త తేదీ చెప్పారు: 2026 ఏప్రిల్ 1న ప్రదర్శన. ఆ రోజైతే జోక్ చేశానని తప్పించుకోవచ్చని ఆయనే నవ్వుతూ అన్నారు. తయారీ ఆ తర్వాత 12 నుంచి 18 నెలలకట. అంటే అన్నీ అనుకున్నట్టు జరిగినా 2027లోనే.

డబ్బు కట్టినవాళ్లకు రద్దు చేసుకునే దారైనా ఉంది. స్నేహితుల చేత టెస్లా కార్లు కొనిపించి, మొదటి ఐదుగురి తర్వాత ఒక్కో రిఫరల్‌కు రోడ్‌స్టర్ ధరలో 2 శాతం తగ్గింపు కూడబెట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు. 55 మందిని తెచ్చినవాళ్లకు కారు పూర్తిగా ఉచితమన్నారు. ఆ పథకాన్ని 2019 ఫిబ్రవరిలో ఆపేశారు. వాళ్లు తెచ్చిన కొనుగోలుదారుల కార్లు ఎప్పుడో రోడ్డెక్కాయి. వాళ్లు రద్దు చేసుకుంటే వెనక్కి ఇవ్వడానికి అడ్వాన్స్ కూడా ఏమీ లేదు.