నీళ్లలో ఉంటేనే బతికే చెక్క లాంచీ

మనకి లాంచీ అంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు. నాగార్జునకొండకి స్కూల్ టూర్ వెళ్లిన ప్రతి హైదరాబాద్ పిల్లాడికీ ఆ మాట తెలుసు. సాగర్ రేవులో డీజిల్ వాసన, అంచు దగ్గరికి వెళ్లనివ్వని టీచరమ్మ, వెనకాల తెల్లగా విడిపోయే నీళ్లు, ఇవన్నీ కలిపితే లాంచీ. గోదావరి జిల్లాల వాళ్లకైతే అది ఇంకా ఇంటి మాట. 1974లో రాజమండ్రి దగ్గర రోడ్డు-రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరులో బస్సు దిగిన మనిషి లాంచీ ఎక్కి గోదావరి దాటేవాడు. మా అమ్మమ్మ మాత్రం ఏ ప్రయాణం గురించి చెప్పినా "లాంచీ దాటాక" అనే మొదలుపెట్టేది. ఆ మాట పుట్టుక కూడా నీళ్ల మీదే, మలయ్ భాషలో చురుగ్గా సాగిపోవడాన్ని చెప్పే "లంచార్" నుంచి పోర్చుగీసు వాళ్ల "లాంచా" వచ్చిందని, అక్కణ్నుంచి ఇంగ్లిషులోకి వెళ్లిందని నిఘంటువులు ఎక్కువగా చెబుతాయి.

ఈ మధ్య ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ లుంబినీ పార్క్ రేవు వైపు చూస్తుంటే స్నేహితుడొకడు అడిగాడు, బయటి దేశాల్లో జనం పాత చెక్క మోటారు లాంచీలకి ఏళ్ల తరబడి మరమ్మతులు చేసుకుంటూ కూర్చుంటారట, అంత డబ్బు పోస్తే కొత్త ఫైబర్ బోటు రెండు వస్తాయి కదా, ఎందుకంత పిచ్చి అని. నడుస్తూ చెప్పేస్తే సరిపోయే జవాబు కాదని ఇక్కడ రాస్తున్నా.

మొదట్లో నీళ్ల మీద యంత్రం అంటే ఆవిరి యంత్రమే. బాయిలర్, బొగ్గు, దాన్ని చూసుకోవడానికి మనిషి. అమెరికాలో ఆవిరి పడవ నడపాలంటే లైసెన్సు ఉన్న ఇంజినీరు ఉండి తీరాలని చట్టం ఉండేది, ఎందుకంటే బాయిలర్లు పేలి జనం చచ్చిపోయేవాళ్లు. 1880ల్లో న్యూయార్క్‌లో ఒక కంపెనీ నీళ్లకి బదులు నాఫ్తాని, అంటే పెట్రోలు లాంటి ఇట్టే మండే ద్రవాన్ని, మరిగించి, ఆ ఆవిరితోనే ఇంజిన్ నడిపే చిన్న లాంచీలు తెచ్చింది. ఇంధనమూ నాఫ్తానే, మరిగేదీ నాఫ్తానే. వింటేనే గుండె దడ పుడుతుంది, కానీ నీటి ఆవిరి కాదు కాబట్టి ఆ చట్టం దీనికి వర్తించలేదు. ఇంజినీరు జీతం భరించలేని మనిషి తన పడవని తనే నడుపుకునే రోజు అలా వచ్చింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు పెద్ద మలుపు ఇదే అనిపిస్తుంది, తర్వాత వచ్చిన వేగం, సోకు అన్నీ దీని తర్వాతే.

1886లో జర్మనీలో డైమ్లర్, మైబాఖ్ అనే ఇంజినీర్లు కలిసి తమ చిన్న పెట్రోలు ఇంజిన్‌ని ఒక పడవకి బిగించి నెకార్ నది మీద తిప్పారు. పెట్రోలు పేలుతుందని జనానికి భయం, అందుకని డైమ్లర్ పడవ అంచుల వెంట పింగాణీ గుబ్బలు, తీగలు తగిలించి అది కరెంటుతో నడుస్తోందని అనుకునేలా చేశాడని చెబుతారు. నిజంగా కరెంటుతో నడిచేవి కూడా అప్పటికే వచ్చేశాయి. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో యాభైకి పైగా బ్యాటరీ లాంచీలు కాలువల్లో తిరిగి పది లక్షల మందికి పైగా జనాన్ని మోశాయి. ఇప్పుడు మనం ఎలక్ట్రిక్ బోటు అంటే కొత్త సంగతి అనుకుంటున్నాం.

థేమ్స్ నది మీద పుట్టిన లాంచీల తీరు వేరు. అక్కడ వేగం అక్కర్లేదు, ఒడ్డున గడ్డి కదలకుండా, అల లేవకుండా మెల్లగా పోవాలి. సన్నగా పొడవుగా చేసి, వెనక భాగాన్ని చెప్పు మడమలా నీళ్లలోకి వాల్చిన రకం ఒకటుంది, దాన్ని స్లిప్పర్ లాంచ్ అనే అంటారు. అమెరికాలో దారి ఇంకోలా పోయింది. మిషిగన్‌లోని ఆల్గొనాక్ ఊళ్లో క్రిస్ స్మిత్ అనే పడవల వడ్రంగి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చవగ్గా దొరికిన కర్టిస్ విమాన ఇంజిన్లని మహాగనీ చెక్క పడవలకి పెట్టి 1922లో కొడుకులతో కంపెనీ మొదలుపెట్టాడు. అదే తర్వాత క్రిస్-క్రాఫ్ట్ అయింది. ఒకే నమూనాని మళ్లీ మళ్లీ తయారుచేయడం వల్ల చెక్క లాంచీ కారు లాగా కొనుక్కునే వస్తువైంది. అదే ఊరితో సంబంధం ఉన్న పడవ పందేల గార్ వుడ్ 1932లో నాలుగు ప్యాకార్డ్ ఇంజిన్లున్న మిస్ అమెరికా 10 మీద గంటకి 200 కిలోమీటర్లు దాటాడు. చెక్క పడవ మీద!

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఈ షికారు పడవలే పనికొచ్చాయి. 1940లో ఫ్రాన్స్‌లోని డంకర్క్ ఒడ్డున చిక్కుకున్న బ్రిటిష్ వైపు సైన్యాన్ని తేవడానికి వెళ్లిన వందల చిన్న పడవల్లో సొంత లాంచీలు చాలా ఉన్నాయి. టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ అధికారుల్లో పెద్దవాడైన లైటోలర్ అరవై ఆరేళ్ల వయసులో తన సన్‌డౌనర్ లాంచీని తనే నడుపుకుంటూ వెళ్లి వంద మందికి పైగా సైనికుల్ని కుక్కి తెచ్చాడు. కార్లు తయారుచేసే నోయెల్ మాక్లిన్ అయితే బ్రిటిష్ నేవీ కోసం 112 అడుగుల ఫెయిర్‌మైల్ మోటారు లాంచీలని ముక్కలు ముక్కలుగా ఫర్నిచర్ వడ్రంగుల చేత చేయించి రేవుల్లో బిగించాడు. ఆ రకం లాంచీలు రాయల్ ఇండియన్ నేవీ చేతిలోనూ ఉండేవి, బర్మాలో అరకాన్ తీరం వెంట తిరిగాయి.

ఆ తర్వాత ఇటలీ వంతు. ఇసెయో సరస్సు ఒడ్డున సార్నికోలో 1842 నుంచి పడవలు కడుతున్న రీవా కుటుంబంలో కార్లో రీవా 1962లో అక్వారామా అనే చెక్క లాంచీ తెచ్చాడు. వార్నిష్ ఇరవై పూతల దాకా, పూత పూతకీ రుద్దుడు. సినిమా తారలు కొన్నారు, ఫొటోలు దిగారు, అదంతా అందరికీ తెలిసిందే.

అప్పటికే ఫైబర్ గ్లాస్ వచ్చేసింది. ఒక అచ్చు ఉంటే చాలు, రెసిన్ పోసి కొద్ది రోజుల్లో పడవ బయటికి తీయొచ్చు, చేయి తిరిగిన వడ్రంగి అక్కర్లేదు, ఏటా వార్నిష్ అక్కర్లేదు. 1970లు వచ్చేసరికి పెద్ద కంపెనీల్లో చాలావరకు చెక్క మానేశాయి. దాన్ని నేను తప్పు పట్టను. మామూలు జీతగాడికి పడవ అందింది ఫైబర్ వల్లే.

మరి చెక్కలో ఏముంది? చేసే పద్ధతి చూస్తే తెలుస్తుంది. సన్నని బద్దల్ని ఆవిరి పెట్టెలో మగ్గబెట్టి, చల్లారేలోపే వంచి పక్కటెముకల్లా బిగిస్తారు, నిమిషం ఆలస్యమైతే విరిగిపోతుంది. వాటి మీద ఒక్కో పలకనీ చిత్రిక పట్టి, పక్క పలకకి అతికేలా చూసి, రాగి మేకులు దించుతారు. బయట ఒకరు బరువైన ఇనప దిమ్మె అదిమి పట్టుకుంటే లోపల ఇంకొకరు మేకు కొసని చిన్న రాగి బిళ్ల మీద కొట్టి మడుస్తారు. ఒక్క లాంచీలో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ముషీరాబాద్ వైపు టింబర్ డిపోలో ఒక పెద్దాయన నాకు పాత బర్మా టేకు దుంగ మీద తోపడా లాగి చూపించాడు. రేకులా లేచిన పొట్టుని వేళ్ల మధ్య నలిపితే నూనె తగిలింది. "ఆ నూనే దీన్ని కాపాడేది బాబూ, కానీ నా బ్లేడు మొండి చేసేదీ ఈ చెక్కే" అన్నాడు. టేకులో నూనెతో పాటు ఇసక లాంటి సిలికా ఉంటుంది, అందుకే నీళ్లకి ఆగుతుంది, అందుకే పనిముట్టు అరుగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పలకలు పేర్చి కట్టిన లాంచీని నెలల తరబడి గట్టు మీద ఉంచితే చెక్క ఎండి సందులు విడిపోతాయి. మళ్లీ నీళ్లలోకి దింపిన రోజు కారుతుంది, నీళ్లు తోడుతూ కూర్చోవాలి. ఒకటి రెండు రోజులకి చెక్క ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. మన ఊళ్లలో ఎండిన బండి చక్రాల్ని చెరువులో నానబెట్టేవాళ్లు చూడండి, చెక్క ఉబ్బి ఇనప పట్టా బిగుస్తుంది, సరిగ్గా అదే లెక్క. పైన నిలిచే వాన నీరు మాత్రం శత్రువు, అది నిలిచిన మూలల్లో చెక్క కుళ్లుతుంది. సముద్రపు ఉప్పునీళ్లలో కుళ్లు తక్కువ కానీ చెక్కని తొలిచే పురుగు ఉంటుంది. ఏ నీళ్లలో ఉన్నా మనిషి కన్ను ఉండాల్సిందే.

ఇరవై ఏళ్ల కింద మన నగరంలోనే ఒక చెరువు ఒడ్డున అలాంటి టేకు లాంచీ చూశాను. ఇటుకల మీద బోర్లించి, ఎండలో వదిలేశారు. పలకల మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు. కొన్ని మేకులు అప్పటికే రాగి కోసం పీకేశారు. చెక్క మీద గోరుతో గీస్తే లోపల ఇంకా చేవ ఉంది, నల్లటి పొర కింద తేనె రంగు తేలింది. వాచ్‌మన్‌ని అడిగితే ఎవరూ దింపట్లేదు సార్ అన్నాడు. మళ్లీ చలికాలానికి వెళ్లేసరికి పలకలు మంటకి పోయాయి, ఇంజిన్ తూకానికి పోయింది. ఏడాదికి ఒకసారి నీళ్లలోకి దింపి ఉంటే అది ఇవాళ్టికీ తిరిగేది, నాకు ఆ బాధ పోలేదు.

మన వైపు చేయి తిరిగినవాళ్లు లేరనుకోకండి. కాకినాడ దగ్గర కోరంగి, తాళ్లరేవు ప్రాంతం పాతకాలం నుంచి చెక్క ఓడలకి పేరు. 1839 తుపాను కోరంగిని ఊడ్చేసినా తాళ్లరేవులో ఆ పని తెలిసిన కుటుంబాలు మిగిలాయి. ఈ సంక్రాంతికి అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడు ఒక రోజు అటు వెళ్లొస్తాను. ఆ పాత లాంచీ నుంచి నేను తెచ్చుకున్న రాగి మేకు ఒకటి ఇంట్లో ఉంది, జేబులో వేసుకెళ్లి అక్కడి మేస్త్రీకి చూపించి, కొత్తగా పద్దెనిమిది అడుగుల లాంచీ కట్టాలంటే ఎంత టేకు పడుతుందో అడగాలి.