పోర్ట్, పిక్ లైన్, ఆన్‌లైన్ క్లాసు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ముందునుంచీ ఉంది, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రీ వచ్చింది. కీమో అయిన మనిషి సాయంత్రానికి పలమనేరు బస్సెక్కుతాడు. ఛాతీలో పోర్టో (చర్మం కింద పెట్టే, సూది గుచ్చి మందు ఎక్కించే చిన్న డబ్బీ), చేతికి పిక్ లైనో (చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా పోయే సన్నని గొట్టం) ఆయనతోనే పోతుంది. మళ్లీ కీమో దాకా దాన్ని చూసేది ఊరి దగ్గరి ఆసుపత్రి సిస్టర్లే. నేను ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేది వాళ్లకే.

అపోహ: చేతిపని ఫోన్‌లో చూస్తే వస్తుందా?

వాస్తవం: పోర్ట్‌కు సూది గుచ్చడం రాదు. ముందు బొమ్మ మీద, తర్వాత అనుభవమున్నవాళ్ల ఎదుట చేసి చూపాల్సిందే. అది లేకుండా సర్టిఫికెట్ ఇవ్వడానికి నేను ఒప్పుకోను. కానీ ఏది చూసి అనుమానించాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి నైట్ డ్యూటీ దిగిన సిస్టర్ కూడా ఇంట్లో కూర్చుని బాగా నేర్చుకోగలదు.

అపోహ: "రక్తం వెనక్కి రాకపోయినా సెలైన్ పోతా ఉంది కదక్కా, మందు ఎక్కించేద్దాం."

క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మందు ఎక్కించే ముందు సిరంజితో లాగితే లైన్‌లోంచి రక్తం రావాలి. సెలైన్ సాఫీగా పోయినంత మాత్రాన అది నరంలోకే పోతోందని కాదు. సూది పోర్ట్‌లోంచి జారి చర్మం కింద ఉండొచ్చు. గొట్టం చుట్టూ ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పదార్థం) పొర కట్టి, మందు దాని వెంబడి వెనక్కి పాకొచ్చు. డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందులు బయటికి కారితే చర్మంతో పాటు కింది కండా చచ్చుబడిపోవచ్చు. రోగిని దగ్గమనండి, పక్కకు తిరగమనండి, చేయి ఎత్తమనండి. అప్పటికీ రక్తం రాకపోతే ఆ మందు ఎక్కించకండి, డాక్టర్‌కు చెప్పండి.

మందు పోతుండగా మంట అన్నారా, ఆ క్షణమే ఆపండి. కంగారులో సూది పీకేయొద్దు, ఫ్లష్ చేయొద్దు (సెలైన్ తోసి లైన్ కడగొద్దు). లోపలున్న మందును ముందు సిరంజితో వెనక్కి లాగాలి. తర్వాత డాక్సోరుబిసిన్ అయితే ఐసు, విన్‌క్రిస్టిన్ అయితే వెచ్చటి కాపడం. ఈ రెండూ తారుమారు కాకూడదు.

అపోహ: లైన్ మూసుకుపోతే చిన్న సిరంజితో గట్టిగా తోయాలి.

వాస్తవం: సిరంజి చిన్నదయ్యేకొద్దీ ఒత్తిడి పెరిగి లైన్ చిట్లొచ్చు. 10 ఎంఎల్‌కు తగ్గకూడదు. అడ్డు తగిలితే బలవంతం చేయొద్దు.

అపోహ: గ్లవ్స్ వేసుకున్నాం, ఇన్‌ఫెక్షన్ రాదు.

వాస్తవం: లైన్ మూతిని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది ఆరనివ్వాలి. పారదర్శక డ్రెస్సింగ్ 7 రోజులకు, గాజ్ గుడ్డ డ్రెస్సింగ్ 2 రోజులకు మార్చాలి. తడిసినా, ఊడినా అప్పుడే మార్చాలి. ఫ్లష్ చేసిన కాసేపటికి చలి, వణుకు వస్తే పారాసిటమాల్ ఇచ్చి ఇంటికి పంపేయకండి. లైన్ నుంచీ, రెండో చేతి నుంచీ బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) తీయించి, కీమో ఇచ్చిన ఆసుపత్రికి వెంటనే ఫోన్ చేయండి.